1192 నుంచి 1776 దాకా: గాలితో చల్లబడే ఇంజన్‌కు సీసీ పెంచితే ఏమవుతుంది?

వాహనం ఆర్‌సీ కార్డులో ‘క్యూబిక్ కెపాసిటీ’ అని ఒక గడి ఉంటుంది. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చూసుకున్నంత శ్రద్ధగా ఆ గడిని ఎవరూ చూడరు. పాత కారు ఇంజన్‌కు మార్పులు చేయించేవారికి మాత్రం చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. వర్క్‌షాపులో కొద్ది రోజుల పనితో ఇంజన్ సీసీ మారిపోతుంది. కార్డులో సంఖ్య అలాగే ఉండిపోతుంది.

‘1200 సీసీ సామర్థ్యం గల ఇంజన్’ అని మన పత్రికలు రాస్తుంటాయి. ఆ మాట కాస్త తికమక పెడుతుంది. తెలుగులో సామర్థ్యం అంటే శక్తి అనీ, దక్షత అనీ కూడా అర్థం వస్తుంది. సీసీ ఈ రెండూ కాదు. సిలిండర్‌లో పిస్టన్ అట్టడుగు నుంచి పై కొస వరకు కదిలినప్పుడు ఎంత చోటు ఊడుస్తుందో, ఆ చోటు ఘనపరిమాణమే సీసీ. దాన్ని ఘన సెంటీమీటర్లలో చెబుతారు. సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అనీ, పిస్టన్ కదిలే దూరాన్ని స్ట్రోక్ అనీ అంటారు. వృత్తం వైశాల్యాన్ని స్ట్రోక్‌తో, ఆపైన సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సరిపోతుంది. పదో తరగతి లెక్కే.

మనకు బాగా తెలిసిన పాత బుల్లెట్‌నే తీసుకుందాం. బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., సిలిండర్ ఒక్కటి. లెక్క వేస్తే 346 సీసీ. స్ట్రోక్ అదే ఉంచి బోర్‌ను 84 మి.మీ. చేస్తే 499 సీసీ. అంటే వ్యాసం ఐదో వంతు పెరిగితే సీసీ 44 శాతం పెరిగింది. వ్యాసం వర్గంగా లెక్కలోకి వస్తుంది, స్ట్రోక్ మామూలుగానే వస్తుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అరిగిపోయిన సిలిండర్‌ను అర మిల్లీమీటరు బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తే ఆ 346 కాస్తా 351 అవుతుంది. ద్విచక్ర వాహనాల థర్డ్ పార్టీ బీమాలో ఒక శ్లాబు ముగిసేది 350 దగ్గరే! రిపేరుకు చేసే రీబోరింగ్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరనుకోండి.

గాలితో చల్లబడే కార్లలో సీసీ మార్పులకు పెట్టింది పేరు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 2003లో మెక్సికోలో చివరి కారు తయారయ్యే నాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిళ్లు రోడ్డెక్కాయి. వెనుక వైపు ఉండే దీని ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు పడుకుని ఉంటాయి. ప్రతి సిలిండర్ విడి ముక్క, చుట్టూ రెక్కలు. పాతది ఊడదీసి, పెద్ద బోర్ ఉన్నది దించవచ్చు. ఈ సౌలభ్యమే దీన్ని మార్పులు చేసేవారికి ఇష్టమైన ఇంజన్‌ను చేసింది.

కంపెనీ ఇచ్చిన కొలతల్లో 77 × 64 మి.మీ. (1192 సీసీ), 85.5 × 69 మి.మీ. (1584 సీసీ) ఉన్నాయి. ఈ రెండో ఇంజన్‌లో 87 మి.మీ. సిలిండర్లు వేస్తే 1641 అవుతుంది. క్రాంక్‌కేస్‌ను కోయనక్కర్లేదు. కానీ సిలిండర్ బయటి వ్యాసం పెరగకుండా లోపలిది పెరిగింది కాబట్టి గోడ పలచబడుతుంది. 90.5 మి.మీ. వేయాలంటే క్రాంక్‌కేస్‌లోనూ హెడ్‌లోనూ రంధ్రాలు పెద్దవి చేయాలి. అప్పుడు వచ్చేదే ప్రసిద్ధమైన ‘1776’. (కచ్చితంగా లెక్కిస్తే 1775కి కొంచెం పైనే, అయినా వాడుకలో 1776గానే స్థిరపడింది.) అదే రంధ్రంలో 92 మి.మీ. సిలిండర్ కూడా పడుతుంది, మళ్లీ పలచటి గోడతో. పలచటి గోడ వేడికి వంకర పోతుంది, గుండ్రదనం చెడుతుంది, రింగుల పక్క నుంచి వాయువు జారిపోతుంది. నా మటుకు 90.5 దగ్గర ఆగడమే తెలివైన పని.

బోర్ పెంచినప్పుడు చెప్పకుండా మారిపోయేది ఇంకొకటి ఉంది. అది కంప్రెషన్ నిష్పత్తి. 1584 సీసీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 396 సీసీ. నిష్పత్తి 7.5 అనుకుంటే పిస్టన్ పైన మిగిలే చోటు సుమారు 61 సీసీ. ఆ చోటును ముట్టుకోకుండా సిలిండర్‌ను 444 సీసీ చేస్తే నిష్పత్తి 8.3కు చేరుతుంది. ఆ మేరకు మిశ్రమం ఇంకా వేడెక్కి, అదుపు తప్పి మండి నాకింగ్ మొదలవుతుంది. అందుకే పని తెలిసినవారు సీసీ లెక్కతో పాటు హెడ్‌లోని గుంతలో ద్రవం పోసి దాని ఘనపరిమాణం కూడా కొలుస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న వేడిది. పెట్రోలులోని శక్తిలో మూడో వంతుకు మించి చక్రాలకు చేరదు. మిగతాది పొగగొట్టం ద్వారా, సిలిండర్ గోడల ద్వారా, ఆయిల్ ద్వారా వేడిగా బయటకు పోవాలి. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కేటప్పుడు తీసుకునేంత వేడిని తీసుకుపోవాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. బీటిల్‌లో ఇందుకు బెల్టుతో తిరిగే ఫ్యాన్, గాలిని రెక్కల మీదకు మళ్లించే రేకులు ఉంటాయి. 85.5 నుంచి 90.5కు వెళితే పిస్టన్ వైశాల్యం 12 శాతం పెరుగుతుంది, సిలిండర్ చుట్టుకొలత 6 శాతమే. అంటే నిండు యాక్సిలరేటర్ మీద పుట్టే వేడి, దాన్ని వదిలించుకునే ఉపరితలం కన్నా వేగంగా పెరుగుతుంది. నింపాదిగా నడిపితే మాత్రం వాడుకున్న శక్తి మేరకే వేడి పుడుతుంది. పెద్ద ఇంజన్ దానంతటదే మాడిపోదు. అందం కోసం ఆ రేకులను తీసేస్తేనే అసలు ముప్పు.

ఇలాంటి కారు అండమాన్‌లో తిరిగితే? ఉక్కపోత చూసి ఇంజన్‌కూ కష్టమే అనుకుంటాం. మనిషికి చెమట ఆరక ఉక్కపోస్తుంది. చెమట పట్టని ఇంజన్‌కు ఆ బాధ లేదు. శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) పగటి వేడి 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మే నెల విజయవాడ కన్నా దానికి అక్కడే సుఖం. తేమ ప్రభావం వేరే చోట పడుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిలో నూటికి మూడు పాళ్లకు పైగా నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. 1776 సీసీ అనేది చోటు కొలతే. ఆ చోటులోకి ఎంత ఆక్సిజన్ వచ్చిందనేది వేరే లెక్క.

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు జారవా అభయారణ్యం గుండా వాహనాలు కాన్వాయ్‌గా, గంటకు 40 కి.మీ. మించకుండా, మధ్యలో ఆగకుండా సాగాలి. బీటిల్ ఫ్యాన్ తిరిగేది ఇంజన్ వేగంతో, కారు వేగంతో కాదు. కాబట్టి అక్కడ నాలుగో గేరులో ఈడ్చడం కన్నా మూడో గేరులో వెళ్లడమే ఇంజన్‌కు చల్లన.

వేడి కన్నా అక్కడి ఉప్పుగాలికే భయపడాలి. బీటిల్ క్రాంక్‌కేస్ మెగ్నీషియం మిశ్రమలోహం. ఉప్పు నీరు తగిలి, పక్కనే ఉక్కు బోల్టు ఉంటే మెగ్నీషియమే ముందుగా తినుకుపోతుంది. పెద్ద సిలిండర్ల కోసం కోసిన క్రాంక్‌కేస్‌లో అంచులు ముందే సన్నబడి ఉంటాయి. అది చెడితే మారు భాగం సుమారు 1,200 కి.మీ. సముద్రం దాటి చెన్నై నుంచో విశాఖపట్నం నుంచో రావాలి.

ఇక ఆ గడి సంగతి. కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. కార్ల థర్డ్ పార్టీ బీమా 1000, 1500 సీసీల దగ్గర శ్లాబులు మారుతుంది. 1192గా నమోదై 1776తో తిరిగే కారు ప్రమాదంలో చిక్కుకుంటే క్లెయిమ్ వివాదంలో పడవచ్చు. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. వాటి ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా వాహనం అసలు రూపంలో ఉండాలి. బీటిల్ యజమాని ఊడదీసిన పాత సిలిండర్లను తూకానికి అమ్మేయకుండా నూనె రాసి దాచుకోవడం మంచిది.