పొయ్యి ఒక్కటే, పంక్తి వేరు

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. నల్లగొండ జిల్లాలోని మా మాదిగవాడ నుంచి వచ్చి, అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి ఇరుకు హాస్టల్‌లో ఏడాదిన్నర గడిపి, శిక్షణ కేంద్రాల చుట్టూ తిరిగి సంపాదించుకున్న ఉద్యోగమది. మొదటి జీతం అందిన వారంలోనే నన్నూ, ముగ్గురు గది మిత్రులనూ పంజాగుట్టలోని ఒక బార్బెక్యూ హోటల్‌కు విందుకు పిలిచాడు.

అక్కడ బల్ల మధ్యలోనే నిప్పుల కుంపటి అమర్చి ఉంటుంది. ఇనుప చువ్వలకు గుచ్చిన కోడి, రొయ్య, చేప, మేక మాంసం ముక్కలను తెచ్చి దాని మీద పెడతారు. నూనె, మసాలా పూసే కుంచె చేతులు మారుతుంటుంది. బల్ల మీది చిన్న జెండాను దించే వరకు చువ్వలు వస్తూనే ఉంటాయి. బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల ఆదివాసుల భాషలో పుట్టి, స్పానిష్ ద్వారా లోకమంతా పాకింది. మనకు ఆ వంట కొత్తదేమీ కాదు. కల్లు కాంపౌండ్ల ముందు బండ్ల మీద కాల్చి అమ్మే చీకులు అవే. అక్కడ తినేవాణ్ని చిన్నచూపు చూసే సమాజమే ఇక్కడ ఏసీ గదిలో తినేవాణ్ని గౌరవిస్తుంది.

మాటల్లో ఎవరి ఇంటి వంట గొప్పదన్న చర్చ వచ్చింది. ఒకరు నాటుకోడి అన్నారు, మరొకరు చేపల పులుసు అన్నారు. మా వాడు ఉత్సాహంగా, "మా అమ్మమ్మ దండెం మీద ఎండబెట్టిన పెద్దకూర తునకల్ని నిప్పుల మీద కాల్చి పెట్టేది. వాటి ముందు ఇవెంత?" అన్నాడు. బల్ల చుట్టూ మాట ఆగిపోయింది. అప్పటిదాకా మా వాడి చేతి నుంచి కుంచె అందుకుంటున్న కుర్రాడు ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. కడుపు నిండిందన్నాడు. నిండే ఉండవచ్చు. కానీ కాసేపటికి లేచి వెళ్లి, పళ్లెం నిండా బిర్యానీ పెట్టించుకుని వచ్చాడు.

కులం పేరుతో హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణ చెబుతోంది. అంటరానితనం కారణంగా హోటల్ పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని 1955 నాటి చట్టం, అంటే నేటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, ప్రకటించింది. ఊరి హోటళ్లలోని రెండు గ్లాసుల పద్ధతిని ప్రశ్నించడానికి ఆ చట్టమొక ఆధారం. ముట్టుకోకుండా వదిలేసిన కుంచెకు ఏ సెక్షన్ వర్తిస్తుంది? హోటల్ మమ్మల్ని ఆపలేదు, వడ్డించినవారు తేడా చూపలేదు. మాతో కలిసి కూర్చున్న మిత్రుడి మనసులోనే పంక్తి విడిపోయింది.

దీన్ని శాకాహార, మాంసాహార తగాదాగా చూడటం పొరపాటు. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు, ఆపై వయసు వారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఐదుగురమూ మాంసం తినేవాళ్లమే. నిచ్చెన మెట్లు మాంసంలోనే ఉన్నాయి. 1977 చట్టం గోవధను నిషేధించింది, ఇతర పెద్ద పశువులను ధ్రువపత్రంతో వధించడానికి అనుమతిస్తోంది. హైదరాబాద్ పేదలు ఇష్టంగా తినే కళ్యాణి బిర్యానీ గేదె మాంసంతో వండేదే. అయినా పెద్దకూర అనగానే విన్నవారికి మాంసం కంటే ముందు వాడ గుర్తుకొస్తుంది. అమీర్‌పేటలో గది వెతుక్కునే విద్యార్థిని "ఏం తింటావు?" అని అడిగే ఇంటి యజమాని తెలుసుకోదలచింది కూడా చాలాసార్లు ఆ వాడ సంగతే.

1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పులయలతో కలిసి పంక్తి భోజనం చేసినందుకు ఆయన సొంత ఈళవ సమాజమే ఆయన్ను వెలివేసింది. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్, సహపంక్తి భోజనాలు కులభావాన్ని చంపలేకపోయాయని, కులాంతర వివాహమే అసలైన మందని వాదించారు. ఆ మాటకు నేను ఒక అనుభవాన్ని జోడిస్తాను. సహపంక్తి అన్నప్పుడల్లా మేమే ఇతరుల కూర తిన్నాం. మా కూర ఆ పంక్తిలోకి ఎన్నడూ రాలేదు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపింది ఆ చోటు కోసమే. అందుకే అక్కడ అంత ఘర్షణ చెలరేగింది.

నేనూ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆదివారం ఏం వండుకున్నారని ఆఫీసులో ఎవరు అడిగినా, ఇరవై ఏళ్లుగా నా జవాబు "చికెన్". ఆ అబద్ధం వల్లే నాకు అందరి టిఫిన్ డబ్బాల్లో చోటు దొరికింది. మా అమ్మ చేతి వంటను దాచి సంపాదించిన చోటది.

తిరుగు దారిలో మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ మేనల్లుడు అడిగాడు: "మామా, నేను అనకూడని మాటేమన్నా అన్నానా?" లేదన్నాను. ఆ ముక్క బల్ల దగ్గరే, ఆ ముగ్గురూ వింటుండగా చెప్పవలసింది. అప్పుడు నేనూ చువ్వ తిప్పుతూ మౌనంగానే ఉండిపోయాను. వచ్చే ఆదివారం ఆ మిత్రులను మా ఇంటికి భోజనానికి పిలవమన్నాను. ఏం వండుతామో ముందే చెప్పి పిలవమన్నాను.