క్వేకర్ సిటీ నౌకలో అయిదు నెలలు

1867వ సంవత్సరం జూన్ 8వ తేదీన న్యూయార్కు రేవులో "క్వేకర్ సిటీ" అనే ధూమనౌక లంగరెత్తింది. ఇరుప్రక్కలా పెద్ద చక్రాలతో నీటిని చిమ్ముకుంటూ పోయే ఆ నౌక కొద్ది సంవత్సరాల క్రిందటనే అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసింది. ఈసారి దానిలో సైన్యం లేదు, వలసపోయే బీదలూ లేరు. తలకు 1,250 డాలరులు చెల్లించి, కేవలం లోకం చూచి రావడానికై బయలుదేరిన అరవై డెబ్బైమంది గృహస్థులున్నారు. ఒకే ఓడలో పోయి, రేవురేవునా దిగి, మళ్ళీ అదే ఓడలో ఇల్లు చేరడం ఈనాడు విహారనౌకలకు పరిపాటి. ఆనాడు అది అపూర్వమైన సాహసం.

ఆ ప్రయాణికులలో ముప్పదియొక్క ఏండ్ల పత్రికా రచయిత ఒకడున్నాడు. పేరు శామ్యూల్ క్లెమెన్స్. కలంపేరు మార్క్ ట్వేను. అతని ప్రయాణవ్యయం శాన్‌ఫ్రాన్సిస్కోలోని "ఆల్టా కాలిఫోర్నియా" పత్రిక భరించింది. బదులుగా అతడు దారిపొడుగునా లేఖలు వ్రాసి పంపాలి. ఆ ప్రయాణాన్ని గూర్చి మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ ఒప్పందమే కారణం.

లోకం చూడబోయిన నౌక మొదటి రెండు రోజులూ న్యూయార్కు ముంగిటనే ఆగిపోయింది. వెలుపల సముద్రం అల్లకల్లోలంగా ఉంది. 10వ తేదీన బయటపడగానే అలవాటులేని కడుపులు ఎదురుతిరిగాయి. తన కడుపు నిలకడగా ఉన్నవానికి తొలినాటి సముద్రంమీద ఎంత గర్వం కలుగుతుందో ట్వేను దాచుకోకుండా చెప్పుకొన్నాడు.

నాలుగు దినాలు గడిచేసరికి ఓడ ఒక చిన్న పల్లెటూరైంది. గంటలు కొట్టడం, భోజనాలు, ప్రార్థనలు, పరనిందలు అన్నీ వేళకు జరుగుతున్నాయి. డెక్కుమీద సుద్దతో గడులు గీసి, చెక్కబిళ్లలను పొడుగాటి కర్రలతో త్రోసే ఆట ఒకటి, లోపల డామినోలు. ఒక రాత్రి నాట్యం ఏర్పాటు చేశారు. ఓడ కుడికి ఒరిగితే నర్తకులందరూ కుడివైపునకు, ఎడమకు ఒరిగితే ఎడమవైపునకు మూకుమ్మడిగా పరుగుతీశారు. ఆ వినోదం ఎక్కువకాలం సాగలేదంటే ఆశ్చర్యం లేదు.

బ్లూచరు అనే పేరుతో ట్వేను చిత్రించిన యువకుని గడియారం కథ విద్యార్థులు వినదగినది. ఖరీదైన ఆ గడియారం ఓడ గంటలకంటె దినదినమూ వెనుకబడసాగింది. ఎంత సరిచేసినా లాభం లేదు. పాపం, తనను మోసగించి పాడు గడియారం అంటగట్టారని అతని అనుమానం. నిజానికి గడియారంలో లోపం లేదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక, తూర్పుగా అయిదు డిగ్రీలు ప్రయాణం చేస్తే కాలం 20 నిమిషాలు ముందుకు జరుగుతుంది. ఓడ ఇంచుమించు దినానికి అంతదూరం పోతున్నది.

రాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట భోజనశాల బడిగా మారేది. ఊగే దీపాల క్రింద ఇరవై ముప్పైమంది స్త్రీపురుషులు వరుసగా కూర్చుండి దినచర్య వ్రాసుకునేవారు. జాక్ అనే కుర్రవాడు రాత్రికి పదేసి పుటలు నింపుతూ, తన గ్రంథం వేయి డాలరులు చేస్తుందని మురిసిపోయాడట. తీరా పారిస్ చేరేసరికి కలం క్రింద పెట్టేశాడు. తక్కినవారి ఉత్సాహమూ ఇంచుమించు అంతే. ఆరంభశూరత్వం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు గదా! ట్వేను మాత్రం వ్రాస్తూనే పోయాడు. తీసుకున్న సొమ్ముకు లెక్క చెప్పవలసినవాడు మరి.

క్లీవ్‌లండుకు చెందిన మేరీ ఫేర్‌బాంక్సు అనే విదుషి అతని లేఖలు చదివి, మొరటు మాటలను వారించేది. ఆమె కూడా పత్రికకు లేఖలు వ్రాస్తున్నదే. తనకంటె ఏడేండ్లే పెద్దదైన ఆమెను ట్వేను "అమ్మా" అని పిలిచేవాడు.

ఇక రేవులు. అజోర్సు దీవులలో బ్లూచరు స్నేహితులకు విందు చేస్తే, లెక్క 21,700 రైసులని తేలింది. అతని ముఖం పాలిపోయింది. డాలరులలోకి మార్చగా 21 డాలరుల 70 సెంట్లయింది! గ్రీసులో కలరా భయంచేత ఓడను క్వారంటైనులో నిలిపారు. పదకొండు రోజులు కాచుకోనిదే ఎవరూ దిగరాదు. ట్వేనుతో కలిసి నలుగురు రాత్రివేళ రహస్యంగా ఒడ్డు చేరి, దారిలో ద్రాక్షపండ్లు దొంగిలించి తింటూ, అక్రోపొలిసు కొండ ఎక్కి వెన్నెలలో పార్థినాను ఆలయాన్ని దర్శించారు. అనుమతితో పగటిపూట వెళ్ళి ఉంటే అంత శ్రద్ధగా చూచేవారో లేదో.

ఆగస్టు 26న యాల్టావద్ద రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు వీరికి దర్శనమిచ్చాడు. ఆ సభలో చదివిన వినయపత్రం ట్వేను రచనయే. ప్రయాణికులు పొంగిపోయారు. ఓడలోని నావికులు మాత్రం వేరొక కొలువు తీర్చారు. మూడవ వంటవాడు నెత్తిన రేకుగిన్నె కిరీటంగా పెట్టుకొని, మరకలుపడ్డ మేజాగుడ్డ కప్పుకొని చక్రవర్తి అయ్యాడు. కళాసులే ప్రభువులు, సేనాధిపతులు. పత్రాన్ని ఎన్నోసార్లు అభినయించి, దాని కర్తకే దానిమీద విసుగు పుట్టించారు. యజమానుల వైభవాన్ని సేవకులు ఏ కంటితో చూస్తారో తెలిపే ఘట్టమిది. ట్వేను దానిని విడిచిపెట్టకపోవడం అతని గొప్పతనం.

ఇటలీలో పలుదారుల విడిపోయి తిరిగినవారంతా నేపుల్సు రేవులో మళ్ళీ ఓడమీద కలుసుకొన్నప్పుడు అతనికి ఇల్లు చేరినట్లే తోచింది. రోము, ఫ్లారెన్సు నగరాలలో దొరకని ఆత్మీయత ఆ ఇరుకు గదులలో దొరికింది. పేచీలు, చాడీలు ఉన్నా, ఇల్లు ఇల్లే.

పాలస్తీనా, ఈజిప్టు చూచి, నవంబరు 19న నౌక న్యూయార్కు చేరింది. వెంటనే ట్వేను "న్యూయార్కు హెరాల్డు"లో తోటివారిని వృద్ధులనీ, ఉల్లాసం తెలియనివారనీ ఎత్తిపొడిచాడు. వారికి కోపం వచ్చింది. రాదా మరి? అయిదు నెలలు ఒకే బల్లవద్ద భుజించినవాడు తమను కాగితాలకు ఎక్కిస్తున్నాడని వారు తలచి ఉండరు. అతడు వ్రాసినది చాలావరకు నిజమే అయినా, సభ్యత మాత్రం కాదు. 1869లో ఆ లేఖలే సంస్కరింపబడి "ఇన్నోసెంట్స్ అబ్రాడ్" అనే గ్రంథంగా వెలువడ్డాయి.

స్మిర్నా అఖాతంలో ఓడ నిలిచి ఉండగా, చార్లెస్ లాంగ్డన్ అనే యువకుడు తన గదిలో ట్వేనుకు అక్కగారి చిన్న చిత్రం ఒకటి చూపాడట. ఆమె పేరు ఒలీవియా. గ్రంథం అచ్చుప్రతులు దిద్దడంలో ట్వేనుకు తోడ్పడిన ఆమె 1870 ఫిబ్రవరిలో అతనికి ఇల్లాలైంది.