రోమనుల చెక్కడపు గాజుపాత్రలు

గాజు అనినంతనే మనకు ముంజేతి గాజులు స్ఫురించును. వస్తువునకును నగకును ఒక్కటే పేరిడుకొన్నవారము. కావున, సోదరీమణులారా, సుమారు 2000 సంవత్సరముల క్రిందట రోమను ధనికుల విందుల నలంకరించిన గాజుపాత్రల కథ మనకు వినదగినది.

క్రీస్తునకు పూర్వము ఒకటవ శతాబ్దిని సిరియా, పాలస్తీనా ప్రాంతములవారు గొట్టముతో నూది గాజుపాత్రలు చేయుట కనిపెట్టిరి. అంతట గాజు చవుకయై సామాన్యుల యిండ్లకును వచ్చెను. అగస్టసు చక్రవర్తి కాలమున, అనగా క్రీ. పూ. 27 మొదలు క్రీ. శ. 14 వఱకు, ధనికులకై మఱియొక విద్య వృద్ధినొందెను. దానిని కామియో గాజు అందురు. పొరలుగల విలువైన రాళ్లను చెక్కి బొమ్మలు తీర్చు పని కిది యనుకరణము.

పండితులలో ననేకులు చెప్పు విధాన మిది. నీలపు గాజుముద్దను కరగిన తెల్లగాజున ముంచి, పాత్రగా నూది, మెల్లగా చల్లార్తురు. రెండు గాజులును సమముగా సంకోచింపకున్న పాత్ర పగులును. వేడిగ్లాసుపై చన్నీరు పడిన నేమగునో యెఱిగిన గృహిణులకు ఈ చిక్కు వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట బొమ్మకు వలసినంత తెలుపు నుంచి, తక్కినదంతయు చెక్కివేయుదురు. తెలుపు పలుచనైన చోట లోపలి నీలము తొంగిచూచి నీడవలె నగపడును. చేయి తప్పెనా, పోయిన తెలుపు తిరిగి రాదు.

క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపేయి నగరమున నిట్టి ద్రాక్షాసవపు కూజా యొకటి దొరకెను. నీలిపై తెల్లని ద్రాక్షతీగ దాని యలంకారము. అది ఆల్జో కూజా యను పేర లండనునందలి బ్రిటిషు మ్యూజియమున నున్నది. 1837లో అచ్చటి సమాధి నుండి వెలువడిన నీలికలశముపై మన్మథబాలురు ద్రాక్షపండ్లు కోయుచుందురు. అది నేపుల్సు మ్యూజియమున కలదు.

అన్నిటిలో ప్రసిద్ధమైనది పోర్ట్లాండు కలశము. ఎత్తు 24 సెంటీమీటర్లే. 1845 ఫిబ్రవరి 7వ తేదీన మ్యూజియమునకు వచ్చిన యొక యువకుడు దానిని ముక్కచెక్కలు గావించెను. ఆ యేడే అతికిరి. 1949లోను 1989లోను విడదీసి మరల నతికిరి. జాన్ నార్త్‌వుడ్డను ఆంగ్ల శిల్పి దానికి గాజుతోనే ప్రతి చెక్కుటకు మూడేండ్లు శ్రమించి 1876లో ముగించెను.

ఈ పాత్రలకు వానిని కలిగియున్నవారి పేళ్లు నిలిచినవి. పగులగొట్టినవాని కథ నిలిచినది. అతికినవారి పేళ్లును నిలిచినవి. చెక్కినవాని పేరు మాత్రము తెలియదు. మీలో నెవరికైన నా మ్యూజియము చూచు భాగ్యము కలిగినచో, నీలము తొంగిచూచు నా పలుచని తెలుపుకడ నొక్క నిమిషము నిలువుడు. అదియే యాతని చేవ్రాలు.