బుజ్జిని ఎక్కడో చూసినట్టుందా? ‘కల్కి’లో కనిపించే పాత సైన్స్ ఫిక్షన్ గుర్తులు ఇవే

‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ కారు మాట్లాడగానే థియేటర్లలో విజిల్స్ పడ్డాయి. పాత ఇంగ్లిష్ సీరియళ్లు చూసినవాళ్లకు మాత్రం ఇంకో కారు గుర్తొచ్చింది. ఈ సినిమాలో అలాంటి గుర్తులు చాలానే ఉన్నాయి. అందులో ఒకటి అనంతపురం జిల్లా ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మాట్లాడే కారు కొత్తదేనా?

1982లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ ‘నైట్ రైడర్’ సీరియల్ మొదలుపెట్టింది. అందులో హీరో నల్ల కారు పేరు కిట్. సొంతంగా ఆలోచిస్తుంది, సలహాలిస్తుంది, మధ్యమధ్యలో చురకలూ వేస్తుంది. కీర్తి సురేశ్ గొంతుతో పలికిన బుజ్జి వరసా అంతే. అయితే బుజ్జికి మొదట మెదడే తప్ప శరీరం లేదు. భైరవ దానికి బండి రూపం ఇస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ తిట్టుకుంటూనే కలిసుంటారు, అచ్చం మన ఇళ్లలో అక్కాతమ్ముళ్లలా. సినిమాకు ముందు, 2024 మే 31న ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ సిరీస్ వీళ్ల కథే.

మరి ఇది కాపీనా?

సైన్స్ ఫిక్షన్‌లో ఒక కథ ఇంకో కథను తలుచుకోవడం మామూలే. 1988లో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ఎపిసోడ్ ఒకదానిలో తెరపై ఓ వంశవృక్షం కనిపిస్తుంది. అందులో బ్రిటన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ హీరోల పేర్లు పెట్టేశారు. 2005లో ‘డాక్టర్ హూ’ బదులు తీర్చుకుంది. హీరోయిన్ రోజ్, డాక్టర్‌ను ‘మిస్టర్ స్పాక్’ అని పరిచయం చేసింది. తెలిసినవాళ్లు నవ్వుకున్నారు, తెలియనివాళ్లకు కథ ఎక్కడా ఆగలేదు. రిఫరెన్స్ అంటే అదే. పాతది తీసేస్తే కథే నిలబడకపోతే, అది కాపీ.

తెలుగులో ఈ దారి వేసింది ‘ఆదిత్య 369’. 1991 జులై 18న వచ్చిన ఆ సినిమా టైమ్ మెషీన్‌ను కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లింది. ఆ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావే ‘కల్కి’ టీమ్‌కు మెంటార్.

నీళ్ల దగ్గరే అసలు కథ

1977 నాటి ‘స్టార్ వార్స్’లో హీరో ల్యూక్ ఎడారి గ్రహంలో పెరుగుతాడు. అతన్ని పెంచినవాళ్లు గాలిలో తేమను యంత్రాలతో పట్టి నీళ్లు తీసే రైతులు. ‘కల్కి’లో ఆ ఎడారి కాశీ అయింది. గంగ ఎండిపోయింది. నీళ్లు, పచ్చదనం అన్నీ పైనున్న కాంప్లెక్స్‌లోనే. యూనిట్లు కూడబెట్టి అక్కడికి వెళ్లిపోవాలన్నదే భైరవ తాపత్రయం.

వానలు ముఖం చాటేసే అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. అప్పు చేసి వేసిన బోరులో దుమ్ము లేస్తే ఎలా ఉంటుందో ఇక్కడి వేరుశనగ రైతుకు తెలుసు. బతుకుదెరువుకు బెంగళూరు బస్సెక్కే కుర్రాళ్లకు కాంప్లెక్స్ అంటే ఏంటో తెలుసు. శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకుంటే తప్ప హంద్రీనీవా కాలువకు కృష్ణా నీళ్లు రావు.

కిట్ తెలియకపోయినా బుజ్జి నచ్చుతుంది. ఎండిన గంగ మాత్రం అనంతపురం వాళ్లకు 2898 నాటి కథలా అనిపించదు. వాళ్లు చూస్తున్నదే.