లారీకి 24 వోల్టులు, ట్రాలీ లైట్లకు 12: తీగ కలిపే ముందు

కారు, ట్రాక్టరు వెనక లాగే ట్రాలీ లైట్లు మామూలుగా 12 వోల్టులవి. పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, అంటే 24. నేరుగా కలిపితే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి మాడిపోతుంది. ఇషా తర్వాత బయల్దేరిన డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. వెనక వచ్చే బండికి ట్రాలీ కనబడదు.

చాలామంది ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగేస్తారు. లైట్లు బాగానే వెలుగుతాయి, అదే మోసం. ఆ బ్యాటరీకి ఛార్జింగ్ చాలదు, రెండోదానికి ఎక్కువైపోతుంది. కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. జత బ్యాటరీల ఖర్చంటే మాటలా!

ట్రాలీ ఎప్పుడూ లారీకే అయితే 24 వోల్టుల బల్బులు వేస్తే సరి. కారుకూ తగిలించేదైతే 10 నుంచి 30 వోల్టుల దాకా పనిచేసే ఎల్‌ఈడీ లైట్లు మేలు. పాత లైట్లే ఉంచాలంటే లారీలో 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టరు, ఒక్కో లైటు లైనుకు 24 వోల్టుల రిలే కావాలి. బ్రేక్, ఇండికేటరు బల్బులు ఒక్కోటి 21 వాట్లు. ఆ నాలుగూ, 5 వాట్ల టెయిల్ బల్బులు రెండూ కలిస్తే దాదాపు 8 ఆంపియర్లు. కాబట్టి కన్వర్టరు 10 ఆంపియర్లకు తగ్గకూడదు, ఫ్యూజు తప్పనిసరి. ఎర్తుకు గ్రీజు పట్టిన హుక్కును నమ్మొద్దు, విడిగా తీగ వేయించాలి.

బయల్దేరే ముందు ఒకరు బ్రేకు తొక్కితే ఇంకొకరు వెనక నిలబడి చూడాలి.