వెంటిలేటర్ తీస్తే కొట్టినవాడు బయటపడతాడా?

ఒంటినిండా దెబ్బలతో ఉన్న పసిపిల్లను పులిగడ్డ వారధి దాటించి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారంటే, నాగాయలంక సెంటర్లో ఎవరికి తోచిన చట్టం వాళ్లు చెప్పేస్తారు. వాటిలో ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: గొట్టాలు తీసిన డాక్టరే చంపినట్టు, కొట్టినవాడి మీద కేసు పోతుంది.

వాస్తవం: పోదు. మంచి వైద్యం అందితే బతికేదే అని తేలినా, ఆ గాయం చేసినవాడే చావుకు కారకుడని భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ వివరణ చెబుతోంది. బిడ్డ పోతే హత్యాయత్నం కేసు హత్య కేసు కావచ్చు. అంటే వెంటిలేటర్ ఆగకుండా చూసుకోవడం నిందితుడికే లాభం.

ఈ చిక్కు అమెరికాలోని మసాచుసెట్స్‌లో నిజంగానే వచ్చింది. 2005లో 11 ఏళ్ల పాప దెబ్బలతో స్పృహ తప్పింది. ప్రాణాధార వైద్యం ఆపొద్దని కోర్టుకెక్కింది ఎవరో కాదు, నిందితుడైన సవతి తండ్రే. నీకు ఆ హక్కు లేదని 2006 జనవరి 17న అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఆ మర్నాడే పాపలో మెరుగుదల ఉందని అధికారులు ప్రకటించారు! పాప బతికింది, 2008లో అతను దోషిగా తేలాడు. అతన్ని పక్కన పెట్టడం న్యాయమే. తప్పల్లా పాప ఇక కోలుకోదని తొందరపడి తేల్చేయడంలో ఉంది.

అపోహ: కోమా, బ్రెయిన్ డెడ్ ఒకటే.

వాస్తవం: బ్రెయిన్ డెడ్ అంటే మరణమే. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తారు. కోమాలో ఉన్నవాళ్లు బతికే ఉన్నారు.

అపోహ: వెంటిలేటర్ తీయడానికి అమ్మానాన్నలు సంతకం పెడితే చాలు.

వాస్తవం: సంతకం అవసరమే, దానితోనే పని అయిపోదు. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి 2023లో సడలించిన మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రిలోని డాక్టర్ల బోర్డు ఒప్పుకోవాలి, జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరుండే రెండో బోర్డూ ఒప్పుకోవాలి, ఆపైన మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. తేడా వస్తే హైకోర్టు. ఇక సంతకం పెట్టాల్సిన చెయ్యే బిడ్డను కొట్టిందన్న అనుమానం ఉంటే? ఆ బిడ్డ బాల న్యాయ చట్టం కింద రక్షణ కావాల్సిన బిడ్డ. జిల్లా బాలల సంక్షేమ కమిటీ కలగజేసుకోవాలి. ఇంట్లోవాళ్ల మాటే చివరిమాట అనుకోవడం నా దృష్టిలో దారుణం.

అపోహ: అర్జీ పెట్టుకుంటే కోర్టు కారుణ్య మరణం ఇస్తుంది.

వాస్తవం: మందు ఎక్కించి ప్రాణం తీయడానికి మన దేశంలో అనుమతి లేదు. 2016లో చిత్తూరు జిల్లా దంపతులు కాలేయ జబ్బుతో ఉన్న నెలల పాప కోసం అలా అడిగితే కింది కోర్టు ఒప్పుకోలేదు. అది దౌర్జన్యం కేసు కాదు, డబ్బుల్లేని కష్టం. ప్రభుత్వం వైద్యానికి ముందుకొచ్చింది.

పక్కింట్లో పిల్లను కొడుతున్నారని తెలిస్తే ఐసీయూ దాకా ఆగకండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. రాత్రయినా పలుకుతారు, పైసా ఖర్చు లేదు.