ఈ 'ఫ్రీ' చాలా ఖరీదు గురూ!

సత్వా (దుబాయి): సత్వా బస్టాండు నుంచి దర్జీ దుకాణాల వైపు నడిస్తే చాలు, 'ఫ్రీ' అనే మాట ఎన్ని వేషాలు వేస్తుందో తెలుస్తుంది. గ్రోసరీవాళ్ల 'ఫ్రీ డెలివరీ' అంటే ఇంటికి తెచ్చిచ్చినందుకు డబ్బులు తీసుకోరని. బెడ్‌స్పేస్ 'ఫ్రీ' అంటే ఖాళీగా ఉందని. 'సెలవునాడు ఫ్రీయేనా అన్నా?' అంటే పనేమీ లేదు కదా అని. 'షుగర్ ఫ్రీ' బిస్కట్ అంటే చక్కెర లేనిదని.

పెద్ద బోర్డులకొస్తే అర్థం ఇంకోటి. 1983లో మొదలైన దుబాయి డ్యూటీ ఫ్రీలో సుంకం ఉండదు గానీ, సరుకుకు రొక్కం కట్టాల్సిందే. 1985లో పెట్టిన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో వెసులుబాటు కంపెనీలకు. అక్కడ పనిచేసే మనవాళ్లకు వీసా, పర్మిట్ మామూలే.

ఇన్నింటిలో మన కొంప ముంచేది 'ఫ్రీ వీసా'. ఊళ్లో 'ఆజాద్ వీసా' అని అంటగట్టేదీ ఇదే. పేరుకు ఫ్రీ, అప్పుచేసి మరీ ఏజెంటు చేతిలో పోయాలి! ఎక్కడైనా పని చేసుకోవచ్చన్నది వాళ్లు చెప్పే అర్థం. యూఏఈ చట్టంలో అలాంటి వీసానే లేదు. వీసా ఒకరి పేర ఉండి, పర్మిట్ లేకుండా ఇంకొకరి దగ్గర పనిచేస్తే నేరం. జీతం ఎగ్గొట్టినా, పనిలో దెబ్బ తగిలినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు. కఫీల్ 'పరారీ' అని రాసిచ్చాడంటే ఇక ఖల్లివల్లి బతుకే. 2018లో, 2024లో ఆమ్నెస్టీ ఇచ్చారు కదా అని మళ్లీ దానిమీద ఆశ పెట్టుకోలేం.

'ఫ్రీలాన్స్' పర్మిట్ సంగతి వేరు. అది సర్కారు మన పేరు మీదే ఇచ్చేది. దీన్నీ దాన్నీ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మరి నిజంగా ఫ్రీ ఏది? 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చంతా యజమానిదే. మన దగ్గర నేరుగా గానీ, జీతంలో కోసుకొని గానీ వసూలు చేయకూడదు. ఇండియాలో లైసెన్సున్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. చిక్కుల్లో పడితే భారత ప్రభుత్వ ప్రవాసీ సహాయతా కేంద్రం నంబరు 80046342. ఈ ఫోను నిజంగానే ఫ్రీ!

ఊరి నుంచి తమ్ముడో బామ్మర్దో 'ఫ్రీ వీసా దొరికింది' అంటే రెండే అడుగుదాం. జీతమిచ్చేది ఎవరు? వీసా ఎవరి పేర ఉంది? రెండింటికీ జవాబు ఒక్కటైతేనే విమానం ఎక్కమందాం.